పీహెచ్‌డీ ఓరియంటేషన్ వారం: ఏవి తప్పనిసరి, ఏవి ఎగ్గొట్టొచ్చు?

తొలిమెట్టు | ఆదివారం, రాత్రి 10:40

అందరికీ నమస్తే. రేపటి నుంచి నా పీహెచ్‌డీ ఓరియంటేషన్. సబ్జెక్ట్ మెటీరియల్స్ సైన్స్. టైమ్‌టేబుల్ ఇప్పుడే తెరిచి చూశాను, కళ్లు తిరిగాయి. స్వాగత సభ, డిపార్ట్‌మెంట్ పరిచయం, లైబ్రరీ, ల్యాబ్ సేఫ్టీ, రీసెర్చ్ ఎథిక్స్, టీఏ (టీచింగ్ అసిస్టెంట్) ట్రైనింగ్, ఆరోగ్య బీమా, క్యాంపస్ టూర్, క్లబ్బుల మేళా... పొద్దున 9 నుంచి సాయంత్రం దాకా ఊపిరి తీసుకునే సందు లేదు. మంగళవారమైతే ఒకే టైముకి రెండు సెషన్లు పెట్టారు.

వీటన్నిటికీ వెళ్లాలా? సీనియర్లు ఏం చేశారు?

ఇంకో సంగతి, అసలు టెన్షన్ ఇదే. బుధవారం కొత్తవాళ్లంతా ఫ్యాకల్టీ ముందు నిలబడి రెండేసి నిమిషాలు తమ రీసెర్చ్ గురించి చెప్పాలట. నాకింకా గైడే ఖరారు కాలేదు. మా దగ్గర మొదటి సెమిస్టర్‌లో రెండు మూడు ల్యాబుల్లో తిరిగి చూశాకే గైడ్‌ని ఎంచుకోవాలి. ఇక టాపిక్ ఎక్కణ్ణుంచి తేను? మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒకరికొకరు పేపర్ల లింకులు పంపుకుంటున్నారు. అందులో సగం మాటలు నాకు తెలియవు.

---

నాలుగోఏడు | ఆదివారం, రాత్రి 11:15

ముందుగా కంగ్రాట్స్.

ఎగ్గొట్టడానికి నేను వాడే లెక్క ఇది. అక్కడ చెప్పేది తర్వాత వెబ్‌సైట్‌లోనో మెయిల్‌లోనో దొరుకుతుందా? దొరికితే మానేయొచ్చు. స్వాగత సభ, క్యాంపస్ టూర్ ఆ బాపతే. బీమా వాళ్ల స్లైడ్లు కూడా ఎలాగూ మెయిల్‌కి వస్తాయి. కానీ బీమాలో పేరు నమోదుకి ఆఖరి తేదీ ఎప్పుడో మాత్రం ఈ రాత్రే చూసి ఫోన్‌లో పెట్టుకోండి. అది దాటితే బతిమాలినా పని జరగదు.

డిపార్ట్‌మెంట్ సెషన్ మాత్రం ఒక్క నిమిషం కూడా వదలొద్దు. ఎన్ని క్రెడిట్లు చేయాలి, పీహెచ్‌డీలో కొనసాగాలంటే పాసవ్వాల్సిన క్వాలిఫైయింగ్ పరీక్ష ఏ సెమిస్టర్‌లో, ఫెయిలైతే రెండో చాన్స్ ఉందా, గైడ్‌ని ఎప్పటిలోగా తేల్చుకోవాలి, మధ్యలో మార్చుకోవాలంటే ఎవరి సంతకం కావాలి, ఇవన్నీ అక్కడే తేలతాయి. ఇవి హ్యాండ్‌బుక్‌లో కూడా ఉంటాయి. కానీ రాసి ఉన్న రూలుకి, నిజంగా నడిచే పద్ధతికి తేడా ఎక్కడుందో ఆ గదిలో ఎవరో ఒక సీనియర్ అడిగే ప్రశ్నతోనే బయటపడుతుంది.

హ్యాండ్‌బుక్ అన్నాను కాబట్టి చెప్తున్నా. ఈ ఏడాది పీడీఎఫ్ ఇవాళే డౌన్‌లోడ్ చేసి దాచుకోండి. చాలా చోట్ల మీరు చేరిన ఏడాది రూల్సే మీకు చివరిదాకా వర్తిస్తాయి. వెబ్‌సైట్‌లో మాత్రం కొత్త కాపీ రాగానే పాతది మాయమవుతుంది. మా సీనియర్ ఒకరికి థీసిస్ టైములో ఒక కోర్సు తక్కువైందన్నారు. ఆమె దగ్గర పాత పీడీఎఫ్ ఉండబట్టి ఐదు నిమిషాల్లో తేలిపోయింది.

---

చేతితొడుగు | ఆదివారం, రాత్రి 11:52

మెటీరియల్స్ అంటున్నారు కాబట్టి సేఫ్టీ సెషన్ గురించి నేను చెప్పాలి. నాది కెమిస్ట్రీ. అందరూ ఆ సెషన్‌లో వెనక బెంచీల్లో కూర్చుని ఫోన్ చూసుకుంటారు.

కారెన్ వెటర్‌హాన్ పేరు వెతికి చదవండి. డార్ట్‌మౌత్ కాలేజీలో కెమిస్ట్రీ ప్రొఫెసర్, విషపు లోహాల మీద పేరున్న శాస్త్రవేత్త. 1996 ఆగస్టులో డైమిథైల్ మెర్క్యురీ అనే విషపు పాదరస ద్రవం చుక్కలు కొన్ని ఆమె గ్లవ్ మీద పడ్డాయి. ఆమె అజాగ్రత్తగా ఏమీ లేరు. అప్పటి పద్ధతి ప్రకారం లేటెక్స్ గ్లవ్స్ వేసుకుని, విషపు ఆవిర్లని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్‌లోనే పని చేశారు. ఆ ద్రవం లేటెక్స్‌లోంచి సెకన్లలో దిగిపోతుందని తర్వాత పరీక్షల్లో తేలింది. లక్షణాలు బయటపడటానికే నెలలు పట్టింది. 1997 జూన్‌లో చనిపోయారు.

అందుకని ఆ సెషన్‌లో 'గ్లవ్స్ వేసుకోండి' అన్నంతవరకే విని లేచిపోకండి. ఏ రసాయనానికి ఏ గ్లవ్, అది ఎంతసేపు ఆపుతుంది, అదీ అసలు పాఠం. ప్రతి రసాయనానికీ సేఫ్టీ డేటా షీట్ ఉంటుంది, 16 విభాగాలు. మొదట్లో 4, 8 చూడటం అలవాటు చేసుకోండి. ప్రమాదం జరిగితే ఏం చేయాలో 4లో, ఒంటిమీద ఏం వేసుకోవాలో 8లో ఉంటుంది. ఐ వాష్ (కళ్లు కడుక్కునే కుళాయి) ఎక్కడుందో మీ ల్యాబులో అడుగుపెట్టిన రోజే చూసుకోండి. కళ్లు మండుతున్నప్పుడు బోర్డు చదువుకుంటూ వెతకలేరు.

---

గోడమీదిపిల్లి | సోమవారం, ఉదయం 7:05

నాలుగోఏడు గారి లెక్కతో నాకు పేచీ ఉంది. సమాచారం కోసమే అయితే ఓరియంటేషన్ మొత్తం మానేయొచ్చు, అంతా ఎక్కడో ఒకచోట రాసే ఉంటుంది. వెళ్లేది మనుషుల కోసం. ఐడీ కార్డు క్యూలో నా ముందు నిలబడ్డ అమ్మాయితోనే తర్వాత క్వాలిఫైయర్‌కి కలిసి చదివాను. ఆమెది వేరే డిపార్ట్‌మెంట్, వేరే ల్యాబు. మామూలుగా అయితే మా దారులు కలిసేవే కావు.

క్లాసులు మొదలయ్యాక ఎవరి ల్యాబు వాళ్లది. పక్క బిల్డింగులో ఎవరున్నారో కూడా తెలియదు. కొత్తవాళ్లంతా ఒకేసారి తీరిగ్గా, కాస్త బిత్తరపోయి, ఎవరితోనైనా మాట్లాడటానికి రెడీగా ఉండేది ఈ ఒక్క వారమే. స్వాగత సభలో ఉపన్యాసం వినక్కర్లేదు, పక్క సీటువాళ్లతో మాట్లాడండి చాలు.

---

నాలుగోఏడు | సోమవారం, ఉదయం 8:20

@గోడమీదిపిల్లి, ఒప్పుకుంటాను, కానీ సగమే. అందరికీ క్యూలో మాటలు కలపడం రాదు. రోజంతా కొత్తవాళ్లతో నవ్వుతూ మాట్లాడాక సాయంత్రానికి తల పగిలిపోయేవాళ్లూ ఉంటారు. అలాంటివాళ్లని క్లబ్బుల మేళాకి కూడా తప్పక వెళ్లమంటే బుధవారానికి మంచం ఎక్కుతారు.

---

ఆఫీసుకిటికీ | సోమవారం, మధ్యాహ్నం 1:30

నేను విద్యార్థిని కాను. ఒక యూనివర్సిటీలో గ్రాడ్యుయేట్ ఆఫీసులో పని చేస్తాను. ఈ వారం మా కిటికీ ముందు లైను చూస్తే మీకు మా మీద జాలేస్తుంది.

ఎక్కువమంది వచ్చేది మూడు పనుల మీద. రిజిస్ట్రేషన్ మీద హోల్డ్ పడిందని, బ్యాంకు వివరాలు ఇవ్వలేదు కాబట్టి స్టైపెండ్ పడలేదని, యూనివర్సిటీ మెయిల్ చూసుకోక తేదీ దాటిపోయిందని. హోల్డ్ అంటే పెద్ద గండమేమీ కాదు. ఎక్కువసార్లు టీకా రికార్డో, డిగ్రీ ఒరిజినల్ ట్రాన్స్‌క్రిప్టో అందకపోవడమే. కానీ అది తీసేదాకా సిస్టమ్ మిమ్మల్ని కోర్సులో చేరనివ్వదు, ఈలోపు సీట్లు నిండిపోతాయి. ఈ సాయంత్రమే పోర్టల్‌లోకి వెళ్లి హోల్డ్ ఉందో లేదో చూసుకోండి.

మొదటి స్టైపెండ్ చాలా చోట్ల మొదటి నెలాఖరుకి గానీ రాదు, ఒక్కోసారి అదీ దాటుతుంది. పేరోల్‌కి ప్రతినెలా ఒక కటాఫ్ తేదీ ఉంటుంది, మీ ఫారం దాని తర్వాత వస్తే డబ్బు పై నెలకి పోతుంది. ఆ తేదీ ఎప్పుడని అడగండి. సిగ్గుపడాల్సిందేమీ లేదు, అది అడిగేవాళ్లంటే మాకు ఇష్టం.

మాకు మెయిల్ రాసేటప్పుడు పేరు, ఐడీ నంబరు, ప్రోగ్రామ్ మొదటి లైన్లోనే రాయండి. 'హాయ్, నాకో డౌట్' అని మాత్రమే వచ్చిన మెయిల్‌కి మేం ఇచ్చే జవాబు 'మీ ఐడీ?' అనే. అక్కడికే ఒక రోజు పోయింది.

---

తొలిమెట్టు | సోమవారం, రాత్రి 9:10

ఆఫీసుకిటికీ గారూ, మీకు దండం. హోల్డ్ ఉంది! టీకా కాగితం అప్‌లోడ్ అయింది కానీ రెండో పేజీ రాలేదట. మళ్లీ పెట్టాను.

ఇవాళ స్వాగత సభకి వెళ్లాను, పక్కసీటులో జియాలజీ చదివే వ్యక్తి పరిచయమయ్యారు. ఒక్కరే, కానీ పర్లేదు. డిపార్ట్‌మెంట్ సెషన్‌లో మాత్రం కొత్త బాంబు పేలింది. మా ఫండింగ్ మొదటి ఏడాది టీఏ మీదే. అంటే వచ్చేవారం నుంచి డిగ్రీ పిల్లల ల్యాబు క్లాసు నేనే నడపాలి. ఇంకా నేనే విద్యార్థిలా ఫీలవుతున్నాను. బుధవారం రెండు నిమిషాల గండం ఉండనే ఉంది. పొరపాటున నాకు సీటిచ్చారేమో అనిపిస్తోంది.

---

నిదానం | సోమవారం, రాత్రి 10:00

ఆ చివరి మాటకి ఒక చరిత్ర ఉంది. 1978లో పాలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు సైకాలజిస్టులు సరిగ్గా దీని గురించే పేపర్ రాశారు. డిగ్రీలు, పేరు, పదవులు అన్నీ ఉన్న మహిళలు కూడా 'నేను వీళ్లందరినీ ఏమారుస్తున్నాను, ఎప్పుడో దొరికిపోతాను' అనుకోవడం వాళ్లు గమనించారు. ఇంపోస్టర్ ఫీలింగ్ అని ఇప్పుడు అందరూ అనేది అదే. అది జబ్బు కాదు, మానసిక రోగాల జాబితాలో లేదు. ఆడవాళ్లకే కాదు, మగవాళ్లకీ ఉంటుందని తర్వాతి పరిశోధనల్లో వచ్చింది.

అయితే ఈ మాట చెప్పి ఊరుకోవడం కూడా తప్పే అంటాను. ప్రతి భయాన్నీ దాని ఖాతాలో వేసేస్తున్నారు ఈమధ్య. కొన్నిసార్లు నిజంగానే ఒక లోటు ఉంటుంది. మీరు కెమిస్ట్రీ నుంచి వచ్చి క్వాంటమ్ మెకానిక్స్ సరిగ్గా చదవకపోతే, ఆ కోర్సులో వెనకబడటం మనోభ్రాంతి కాదు. దానికి మందు ధైర్యం కాదు, డిగ్రీ స్థాయి కోర్సుకి వెళ్లి కూర్చోవడం. ఏది ఉత్త భయమో, ఏది నిజం లోటో తేల్చుకోండి. గ్రూపులో వచ్చిన లింకుల్లో మీకు తెలియని మాటలు కాగితం మీద రాసి, పక్కన 'ఈ సెమిస్టర్‌లో కావాలి', 'అక్కర్లేదు' అని పెట్టండి. రెండో వరసే ఎక్కువ ఉంటుందని నా పందెం.

---

గోడమీదిపిల్లి | సోమవారం, రాత్రి 10:25

టీఏ సంగతి: వచ్చేవారం చేయాల్సిన ప్రయోగం ఈ వీకెండ్‌లోనే మీరు స్వయంగా ఒకసారి చేసి చూడండి. పిల్లలు అడిగే పది ప్రశ్నల్లో తొమ్మిది 'మాది ఇలా వచ్చిందేంటి' అనే. మీకూ ఒకసారి అలా వచ్చి ఉంటే జవాబు నోట్లోనే ఉంటుంది. రానిదానికి 'చూసి వచ్చేవారం చెప్తాను' అనండి. నిజంగా చెప్పండి. పోయిన ఏడాది ఆ ల్యాబు నడిపినవాళ్లని పట్టుకుంటే మార్కులు వేసే షీటు కూడా దొరుకుతుంది.

---

నాలుగోఏడు | మంగళవారం, ఉదయం 6:50

రెండు నిమిషాల గురించి ఎవరూ చెప్పలేదు. అక్కడ ఫ్యాకల్టీ మీ టాపిక్ వినడానికి కూర్చోరు. మా ల్యాబుకి పనికొస్తారా అని చూస్తారు. కాబట్టి మూడే ముక్కలు చాలు: ఇంతవరకు ఏం చేశారు, చేతికి ఏ పని వచ్చు, ఎటు వెళ్లాలనుంది. ఉదాహరణకి:

'మాస్టర్స్‌లో పలుచని లోహపు పూతలు ఎందుకు పగులుతాయో చూశాను. ఎక్స్‌రే డిఫ్రాక్షన్ సొంతంగా చేయగలను, సిమ్యులేషన్ రాదు, నేర్చుకోవాలనుంది. లిథియం బ్యాటరీలో సిలికాన్ ఆనోడ్ చార్జ్ అయినప్పుడు దాని ఘనపరిమాణం సుమారు 300 శాతం పెరిగి పగుళ్లిస్తుంది. అలాంటి సమస్యల మీద పని చేసే ల్యాబుల్లో తిరిగి చూడాలనుకుంటున్నాను.'

ఇది గట్టిగా చదివితే నిమిషంలోపే అయిపోతుంది. మిగతా నిమిషం ప్రశ్నలకి వదిలేయండి. 'సిమ్యులేషన్ రాదు' అన్న ముక్క తీసేయకండి. ఆ ఒక్క వాక్యానికే సిమ్యులేషన్ చేసే ప్రొఫెసర్ తల ఎత్తి చూస్తారు.

---

మాస్టర్స్‌బ్యాచ్ | మంగళవారం, మధ్యాహ్నం 2:15

మధ్యలో దూరుతున్నందుకు సారీ. మాస్టర్స్ వాళ్లకి ఇవన్నీ వర్తిస్తాయా?

---

ఆఫీసుకిటికీ | మంగళవారం, మధ్యాహ్నం 3:00

హోల్డ్, బీమా, హ్యాండ్‌బుక్ అంతా అదే. తేడా టైములో ఉంది. పీహెచ్‌డీ వాళ్లకి తప్పటడుగు దిద్దుకోవడానికి ఏళ్లున్నాయి, మీకు సెమిస్టర్లే. థీసిస్ ఉన్న దారా, లేని దారా అన్నది మొదటి సెమిస్టర్‌లోనే తేల్చుకోండి. చాలా ప్రోగ్రాముల్లో ఆ రెంటికీ కోర్సుల లెక్క వేరు. ఉద్యోగమే లక్ష్యమైతే కెరీర్ సెంటర్ సెషన్ మానొద్దు. కంపెనీల మేళాలు క్లాసులు మొదలైన కొద్ది వారాలకే పెట్టేస్తారు.

---

ఫుట్‌నోట్ | మంగళవారం, రాత్రి 8:40

లైబ్రరీ సెషన్‌ని అందరూ చిన్నచూపు చూస్తున్నారు, నా వంతు వాదన. జొటేరో లాంటి రిఫరెన్స్ మేనేజర్, అంటే చదివిన పేపర్ల వివరాలు దాచిపెట్టే సాఫ్ట్‌వేర్, మొదటి వారమే పెట్టుకోండి. 2006లో జార్జ్ మేసన్ యూనివర్సిటీలో పుట్టింది, ఓపెన్ సోర్స్, ఉచితం. ఆన్‌లైన్ స్టోరేజ్ ఉచితంగా 300 ఎంబీనే ఇస్తారు. పీడీఎఫ్‌లకి అది చాలదు, ఫైళ్లు మీ యూనివర్సిటీ డ్రైవ్‌లో పెట్టుకోవచ్చు. ఎలా కలపాలో లైబ్రేరియన్ చూపిస్తారు.

పేపర్ చదవడం గురించి కూడా. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదవాలనుకునేవాళ్లే గ్రూపులో లింకులు చూసి జడుసుకునేది. 2007లో ఎస్. కేశవ్ అనే కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్ మూడు విడతల పద్ధతి రాశారు. మొదటి విడత ఐదు పది నిమిషాలు: శీర్షిక, సారాంశం, పరిచయం, సబ్‌హెడింగులు, ముగింపు, అంతే. చాలా పేపర్లకి అక్కడితో సరి. రెండో విడత బొమ్మలు, గ్రాఫులతో గంట దాకా. మూడోది మీ పనికి గుండెకాయ లాంటి పేపర్లకే.

---

చేతితొడుగు | మంగళవారం, రాత్రి 9:05

ఎథిక్స్ సెషన్‌లో కాపీ కొట్టొద్దు అనేది అందరూ వింటారు. దాని వెనకాల వచ్చేది వినరు. మనుషుల మీద ఏ పరిశోధన చేసినా, చిన్న సర్వే అయినా సరే, ముందుగా ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. డేటా సేకరించేశాక అనుమతి అడిగితే ఇవ్వరు. మా ఫ్లోర్‌లో ఎడ్యుకేషన్ స్టూడెంట్ ఒకరి సర్వే మొత్తం అలాగే పక్కన పడేయాల్సి వచ్చింది.

కోర్సుల్లో ఏఐ టూల్స్ వాడకం కూడా అంతే. ఒక ప్రొఫెసర్ సరేనంటారు, పక్క గదిలో అదే తప్పు. సిలబస్ కాగితంలో ఏం రాశారో కోర్సు కోర్సుకీ చూసుకోండి. రాయకపోతే మెయిల్లో అడిగి, జవాబు దాచుకోండి.

---

తొలిమెట్టు | శుక్రవారం, రాత్రి 8:30

వారం అయిపోయింది. క్యాంపస్ టూర్, క్లబ్బుల మేళా ఎగ్గొట్టాను. మేళా టైములో పోయిన ఏడాది టీఏతో కూర్చుని ల్యాబు షీటు చూసుకున్నాను. సేఫ్టీ సెషన్‌లో గ్లవ్స్ గురించి నేనే ప్రశ్న అడిగాను, ట్రైనర్ ముఖం వెలిగిపోయింది.

రెండు నిమిషాలు బాగానే గడిచాయి. చేతులు వణికాయి, కానీ నాలుగోఏడు గారన్నట్టే సిమ్యులేషన్ చేసే మేడమ్ తర్వాత వచ్చి మాట్లాడారు. గ్రూపులో అందరికంటే ఎక్కువ లింకులు పెట్టే అబ్బాయి మైకు ముందు నాకంటే ఎక్కువ తడబడ్డాడు. పాపం.

ఇప్పుడు కొత్త తలనొప్పి. ఆ మేడమ్ ల్యాబు, ఇంకో పెద్ద సార్ ల్యాబు, రెండింట్లోనూ రొటేషన్‌కి, అంటే కొన్నాళ్లు పని చేసి చూడటానికి, రమ్మన్నారు. సార్‌కి బోలెడు పేరుంది, ల్యాబులో జనం కూడా ఎక్కువే. మేడమ్ చేరి మూడేళ్లే అయింది. ఏది ముందు చేయాలి?

---

నాలుగోఏడు | శుక్రవారం, రాత్రి 9:00

రెండూ చేయండి, వరస ఏదైనా ఫర్వాలేదు. పేరు చూసి మాత్రం తేల్చుకోకండి. పెద్ద ల్యాబులో మీతో రోజూ మాట్లాడేది పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ అయ్యాక అక్కడ పరిశోధన చేసేవాళ్లు), సార్ కాదు. కొత్త ప్రొఫెసర్ దగ్గర మీకు టైము దొరుకుతుంది, కానీ ఆవిడ ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాకపోతే ఒత్తిడి మీ మీద కూడా పడుతుంది.

ల్యాబు స్టూడెంట్లని అడగాల్సినవి: గైడ్‌ని వారానికి ఎన్నిసార్లు కలుస్తారు, రాసిచ్చింది చదివి వెనక్కివ్వడానికి ఎన్నాళ్లు పడుతుంది, పేపర్ మీద పేర్ల వరస ఎవరు ఎప్పుడు తేలుస్తారు, చివరగా డిగ్రీ అందుకున్న ఇద్దరు ముగ్గురికి ఎన్నేళ్లు పట్టింది, ఇప్పుడెక్కడున్నారు. గైడ్ గదిలో లేనప్పుడు అడగండి.

---

నిదానం | శుక్రవారం, రాత్రి 9:30

దీనికి ఒకటి కలుపుతాను. డిగ్రీ అయిపోయినవాళ్లతో పాటు మధ్యలో ఆ ల్యాబు వదిలి వెళ్లినవాళ్లు ఒక్కరితోనైనా మాట్లాడండి. ల్యాబు వెబ్‌సైట్‌లో పాత సభ్యుల పేర్లు ఉంటాయి, డిగ్రీ రాయకుండా ఖాళీగా ఉన్నవాళ్లే ఎక్కువసార్లు అలా వెళ్లినవాళ్లు. ఒకరు వెళ్లారంటే సొంత కారణమేదో ఉండొచ్చు. వరసగా నలుగురు వెళ్లారంటే ఆలోచించాలి.

---

తొలిమెట్టు | శుక్రవారం, రాత్రి 9:50

అలాంటివాళ్లకి మెయిల్‌లో ఏమని రాయాలండీ? 'మీరెందుకు వదిలేశారు' అని అడగలేను కదా.

---

ఆఫీసుకిటికీ | శుక్రవారం, రాత్రి 10:10

మెయిల్లో ఆ మాటే ఎత్తొద్దు. గైడ్ గురించి మంచైనా చెడైనా కాగితం మీద ఎవరూ పెట్టరు. 'నేను కొత్తగా చేరాను, ఆ ల్యాబులో రొటేషన్ చేయాలనుకుంటున్నాను, పది నిమిషాలు ఫోన్లో మాట్లాడతారా' అని రాయండి చాలు. ఫోన్లో మీరు అడగకుండానే వాళ్లే చెప్తారు.